ముల్లు చెప్పిన అబద్ధం

మా పెదమామయ్య కుడిచేతి బొటనవేలి మీద చింతగింజంత మచ్చ ఉంటుంది. పక్కనే చూపుడువేలి మీద ఇంకొకటి. చిన్నప్పుడు పిల్లలందరం ఆ చెయ్యి పట్టుకుని 'ఇదేంటి మామా?' అని అడిగితే 'కారు కరిచిందిలే' అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ మాటకి నవ్వని మనిషి ఇంట్లో ఒక్కరే ఉండేవారు... మా అమ్మ.

కారు కరవడమేంటి అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. 2024 దసరా సెలవుల్లో, ఏడువందలు పెట్టి కొన్న మల్టీమీటరు చేత్తో పట్టుకుని, జువ్వలదిన్నెలో ఆ కారు బానెట్ ఎత్తేదాకా!

కిలో లెక్కన బేరం

అంతా ఒక ఫోనుతో మొదలైంది. ఆ సెప్టెంబరులో మామయ్య ఫోన్ చేశాడు. 'పాపా, పాత ఇనుము కొనేవాడు వచ్చినాడు. కారుని కిలో లెక్కన అడుగుతా ఉండాడు. ఇచ్చేయమంటావా?'

ఇచ్చేయాలనే ఉంటే నన్నడగడు. 77 ఏళ్ళ మనిషి హైదరాబాద్‌లో ఉన్న మేనకోడలికి పనిగట్టుకుని ఫోన్ చేశాడంటే 'వద్దు' అనిపించుకోవడానికే. 'దసరాకి వస్తున్నా మామా, అప్పటిదాకా ఆగు' అన్నాను. అన్నానే గానీ, వెళ్ళి ఏం చేయాలో నాకే తెలీదు. జర్నలిజం డిప్లొమాలో హెడ్డింగు ఎలా పెట్టాలో చెబుతారు గానీ, ఓం సూత్రం చెప్పరు కదా!

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 1970 మోడల్, మార్క్ 3, నాలుగు తలుపులది. మామయ్య 1984లో మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరు ఆయన. ఆవిరింజన్ల కాలం మనిషి. నెలజీతగాడికి కారేంటని ఊరంతా నవ్విందట. ఆయన లెక్క ఆయనకుంది. 'ఇది మామూలు కారు కాదు. రేసు కారుకి అక్క' అనేవాడు.

అది గొప్పకి చెప్పిన మాటని చాలాకాలం అనుకున్నాను. నిజమే! ఇంగ్లండులోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌ని తెచ్చింది. రూపం దిద్దింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. 1962లో అదే కంపెనీ, అదే హెరాల్డ్ చాసిస్‌ని కురచ చేసి, మికెలోట్టి చేతనే గీయించి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసింది. దాని పేరు స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానం పేరు అది. 1980 దాకా తయారైన ఆ కారు ఇవాళ ప్రపంచమంతటా పాత కార్ల పిచ్చివాళ్ళకి ముద్దుబిడ్డ. మన దగ్గర హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసింది. నాలుగు తలుపుల హెరాల్డ్ అయితే ఇంగ్లండులో కూడా లేదు, అది మనవాళ్ళ సొంత సరుకు! చెన్నపట్నానికి ఈవలగా ఉన్న షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద కార్ల రేసులు జరిగే రోజుల్లో హెరాల్డులు కూడా పరుగెత్తేవి. మామయ్య వాటిని చూడ్డానికి రైలెక్కి వెళ్ళేవాడు.

స్పిట్‌ఫైర్‌కైనా హెరాల్డ్‌కైనా ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, మొసలి నోరు తెరిచినట్టు ముందుకు తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. మామయ్య ఆ కారుని కొన్నది అందుకేనేమో అని నాకనిపిస్తుంది. లోకోషెడ్డులో పెరిగిన చెయ్యి కదా!

ఆ రాత్రి

1989 నవంబరు 8న పెనుతుపాను కావలి దగ్గర తీరం దాటింది. అప్పుడు నాకు ఏడాది కూడా నిండలేదు. జువ్వలదిన్నెలో మామయ్య ఇంటి పెరట్లోకి ఉప్పునీళ్ళొచ్చి, కారు చక్రాలు సగానికి మునిగాయట. నీళ్ళు తీశాక కడిగారు, తుడిచారు, పెట్రోలు మార్చారు. కారు నడిచింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు. ఉప్పు మాత్రం మరిచిపోలేదు.

ఏడేళ్ళు గడిచాయి. 1996 చలికాలంలో ఒక రాత్రి, పది దాటాక, అమ్మమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. అప్పటికి కొన్నాళ్ళుగా కారు సెల్ఫ్ సరిగ్గా అందుకోవడం లేదు. పక్కింటివాళ్ళు నలుగురొచ్చి తోస్తే స్టార్టయింది. ముందు సీట్లో మామయ్య, పక్కన అత్తయ్య. వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని అమ్మమ్మ, కాళ్ళ దగ్గర ఇరుక్కుని ఎనిమిదేళ్ళ నేను. 'పెట్రోలుందా అన్నా?' అని అమ్మ అడగడం, 'ఫుల్లుగా ఉండాది లేమ్మా' అని మామయ్య చెప్పడం నాకు గుర్తు.

ఇటూ అటూ రొయ్యల గుంటలు, చీకటి. హెడ్‌లైట్లు ముందు పసుపుపచ్చగా, ఆ తర్వాత ఆముదం దీపాల్లా అయ్యాయి. కొంతదూరం పోయాక మామయ్య 'ముల్లు ఎక్కిపోయిందే!' అన్నాడు. ఇంజిన్ వేడి చూపే ముల్లు చివరిదాకా పోయి నిలబడింది. కారు పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాడు.

కాసేపాగి రేడియేటర్‌లో నీళ్ళు పోశాడు. మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. 'టక్' మంది. మళ్ళీ 'టక్'. చోక్ లాగి ఇంకోసారి కొట్టాడు. ఒక్కసారిగా డాష్‌బోర్డు కింద నుంచి పొగ! మామయ్య 'అబ్బా' అని చెయ్యి లాక్కున్నాడు. కారు కాలిపోతోందని అమ్మమ్మని ఎత్తి రోడ్డు పక్కన గడ్డిలో పడుకోబెట్టారు. మళ్ళీ ఆ కారెక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రొయ్యలకి ఐసు తెచ్చే వ్యాను ఒకటి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆ వ్యానులోనే కావలి చేర్చారు. 'ఇంకాస్త ముందు తెచ్చుంటే బావుండేది' అన్నాడు డాక్టరు. మూడోరోజు అమ్మమ్మ పోయింది.

ఆ గడ్డిలో కూర్చున్నప్పుడు అమ్మ ఒక మాట అంది. 'అమ్మకేమన్నా అయితే నీ కారే చంపినట్టన్నా' అని. మామయ్య జవాబు చెప్పలేదు. మర్నాడు ట్రాక్టరుతో కారుని లాక్కొచ్చి, పెరట్లో రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోకుండా ఏమీ లేరు. పెళ్ళిళ్ళకీ పండగలకీ కలుస్తూనే ఉన్నారు. కానీ ఆ షెడ్డు వైపు అమ్మ ఏనాడూ వెళ్ళలేదు.

రంగుల భాష

దసరాకి వెళ్ళేముందు పాత వర్క్‌షాప్ మాన్యువల్ ఒకటి సంపాదించి చదివాను. బ్రిటిష్ కార్లకి కరెంటు సామాను చాలావరకు బర్మింగ్‌హాంకి చెందిన లూకాస్ చేసేది. ఆ కార్ల అభిమానులు ఆ సంస్థని 'చీకటి రాకుమారుడు' అని ఎగతాళి చేస్తారు, లైట్లు ఆరిపోతాయని! మన దగ్గర 1961లో టీవీఎస్‌తో కలిసి మద్రాసులో కంపెనీ పెట్టారు. ఎగతాళి సంగతెలా ఉన్నా, వాళ్ళు చేసిన ఒక మంచిపని నాలాంటివాళ్ళని కాపాడింది. ప్రతి వైరుకీ ఒక రంగు, ప్రతి రంగుకీ ఒక అర్థం. గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. తెల్లది తాళం తిప్పితే ప్రాణం పోసుకుంటుంది. ఆకుపచ్చవి ఫ్యూజు దాటి వచ్చి మీటర్లకి, వైపర్‌కి వెళ్తాయి. నీలం హెడ్‌లైట్లది. నల్లది ఎర్త్. ఇంతే! అయిదు రంగులు కంఠతా వస్తే సగం వైరింగ్ చదివేసినట్టే.

టార్పాలిన్ తీశాం. ఎలుకలు సీట్లు తిన్నాయి, వైర్ల మీద తొడుగులు తిన్నాయి. బానెట్ ఎత్తడానికి కొబ్బరినూనె, సుత్తి, ముగ్గురు మనుషులు కావలసొచ్చారు. రెండ్రోజులు కొరికిన వైర్లు మార్చడంతో సరిపోయింది. కొత్త బ్యాటరీ పెట్టాం. ప్లగ్గులు తీసి సిలిండర్లలో చెంచాడు నూనె పోసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పితే తిరిగింది. మామయ్య మొహంలో వెలుగు చూడాలి!

ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టాం.

'టక్.'

అదే శబ్దం. 28 ఏళ్ళ కిందటిదే. మామయ్య ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

సముద్రం నేర్పిన పాఠం

మర్నాడు మామయ్యే ఒక బోటు మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. జువ్వలదిన్నె ఇప్పుడు హార్బర్ ఊరు. 2020 నవంబరులో ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు ఇక్కడా ఫిషింగ్ హార్బర్‌కి శంకుస్థాపన జరిగింది. ఆ మెకానిక్ పుట్టిందీ పెరిగిందీ బోట్లలోనే. హెరాల్డ్ కారుని జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. అయినా చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి చూసి, 'దీనికి ఎర్త్ యాడుండాది?' అన్నాడు.

ఎర్త్ అంటే ఏంటో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరి, పని చేసి, తిరిగి బ్యాటరీకే రావాలి. వెళ్ళేటప్పుడు వైరులో వెళ్తుంది. వచ్చేటప్పుడు కారు ఇనుప ఒంట్లోంచే వస్తుంది. అయితే ఇంజిన్ కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. రబ్బరులోంచి కరెంటు రాదు కదా? అందుకని ఇంజిన్ నుంచి చాసిస్‌కి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. సెల్ఫ్ మోటారు తాగే కరెంటంతా తిరిగి రావాల్సింది ఆ పట్టీలోంచే.

మెకానిక్ చెయ్యి పెట్టి ఆ పట్టీని వెతికాడు. పైకి నల్లగా బాగానే ఉంది. వేలితో వంచగానే పొడిపొడిగా రాలింది. లోపలంతా పచ్చగా చిలుము. రెండు మూడు పోగులు తప్ప మిగతావన్నీ చచ్చిపోయాయి. 'ఉప్పు గాలికి ఇనుము ఒక్కటే పోద్దనుకుంటారు మ్మా. రాగి ఇంకా మోసగత్తె. పైన బాగుంటది, లోపల ఉండదు. నడి సముద్రంలో ఇంజిన్ పట్టకపోతే మేం ముందు బ్యాటరీ చూడం. ఎర్త్ చూస్తాం' అన్నాడు.

అప్పటి మెకానిక్కులకి ఇది ఎందుకు దొరకలేదు? బ్యాటరీ రెండుసార్లు, డైనమో ఒకసారి మార్చారని మామయ్య చెప్పేవాడు. ఆ రోజుల్లో ఎర్త్ పరీక్ష అంటే చిన్న బల్బు పెట్టి చూడ్డమే. బల్బు వెలిగితే ఎర్త్ మంచిదే. అక్కడే ఉంది తిరకాసు! అయిదు వాట్ల బల్బు తాగేది అర ఆంపియరు కూడా ఉండదు. దానికి రెండు పోగుల రాగి చాలు. సెల్ఫ్ మోటారుకి నూటయాభై ఆంపియర్లు కావాలి. దారిలో 0.02 ఓంల అడ్డు ఉందనుకోండి. బల్బు దగ్గర పోయేది వోల్టులో వందోవంతు. సెల్ఫ్ దగ్గర పోయేది 3 వోల్టులు! పన్నెండులో మూడు పోతే ఇంకేం తిరుగుతుంది? సన్నకాలువలో చెంబుడు నీళ్ళు బాగానే పోతాయి, వరద పోదు.

కాబట్టి కొలవాల్సింది కరెంటు పారేటప్పుడు. మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ ఎర్త్ కొస మీద, ఇంకో కొస ఇంజిన్ మీద పెట్టి మామయ్యని సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు లోపు చూపించాలి. మీటరు 4.2 చూపించింది! మెకానిక్ తన వ్యానులోంచి జంపర్ కేబుల్ తెచ్చి ఇంజిన్‌కీ చాసిస్‌కీ తగిలించాడు. మళ్ళీ సెల్ఫ్ కొడితే, ఇంజిన్ గిర్రున తిరిగింది. స్టార్టవలేదు, తిరిగిందంతే. కానీ ఆ శబ్దానికి అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

అప్పుడే మెకానిక్ డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చోక్ తీగ బయటికి లాగాడు. పైతొడుగు కరిగి, నల్లగా ముద్దకట్టి ఉంది. 'ఇది కాలింది కాదు మ్మా. కరెంటు పోయిన దారి' అన్నాడు.

ఇంజిన్ నుంచి ఇనుప ఒంటికి వెళ్ళడానికి రాగి పట్టీ దారి మూసుకుపోయింది. వరద ఆగుతుందా? ఇంకో దారి వెతుక్కుంది. కార్బురేటర్ నుంచి డాష్‌బోర్డు దాకా ఉన్న సన్నటి చోక్ తీగలోంచి పారింది. హీటర్‌లో తీగ ఎర్రబడ్డట్టే అదీ ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే మామయ్య వేళ్ళు దాని మీద ఉన్నాయి.

కారు కరిచిందన్నది అదన్నమాట! పాత కార్ల మరమ్మతులు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. చోక్ తీగో, యాక్సిలరేటర్ తీగో కాలిందంటే ఇంజిన్ ఎర్త్ చూడమంటారు. కానీ 1996లో, రొయ్యల గుంటల మధ్య, ఆ అర్ధరాత్రి ఈ మాట చెప్పేదెవరు?

డైనమో కూడా ఇంజిన్‌నే పట్టుకుని ఉంటుంది. అదిచ్చే కరెంటు బ్యాటరీకి చేరాలన్నా ఆ పట్టీయే దారి. అందుకే ఆ రోజుల్లో ఎన్ని బ్యాటరీలు మార్చినా చార్జి నిలవలేదు. లైట్లు ఆముదం దీపాలయిందీ అందుకే.

రెండు ముళ్ళు

కొత్త రాగి పట్టీ, పాత సామాను కలిపి చెన్నై పుదుపేటలో దొరికాయి. పట్టీ తగిలే చోట తుప్పు, పెయింటు గీకి, ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజిలీన్ పూశాం. లైట్ల ఎర్త్‌లన్నిటికీ అదే వైద్యం. రేడియేటర్ నీళ్ళు ఎర్రమట్టిలా ఉంటే నాలుగుసార్లు కడిగాం. థర్మోస్టాట్‌ని అత్తయ్య గిన్నెలో నీళ్ళుపోసి స్టవ్ మీద పెట్టి మరిగించాం. నీళ్ళు ఎనభై డిగ్రీలు దాటాక అది మెల్లగా నోరు తెరవాలి. తెరవలేదు. దాన్నీ మార్చాం. ఆ గిన్నెని మాత్రం అత్తయ్య మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

సాయంత్రం మూడు లీటర్ల పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టాం. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. ఆ పొగ, ఆ చప్పుడు... మామయ్య స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుండిపోయాడు.

రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆయన గొంతు మారిపోయింది. 'పాపా, ముల్లు!'

వేడి చూపే ముల్లు చివరికంటా పోయి నిలబడింది. మామయ్య తాళం మీద చెయ్యి వేశాడు. 'ఆగు మామా' అని రేడియేటర్ గొట్టం పట్టుకుని చూశాను. చల్లగా ఉంది! అప్పుడే స్టార్ట్ చేసిన ఇంజిన్ రెండు నిమిషాల్లో ఎలా కాగుతుంది? అప్పుడు నా కళ్ళు పక్క ముల్లు మీద పడ్డాయి. పెట్రోలు ముల్లు. ట్యాంకు నిండుగా ఉందంటోంది. మేం పోసింది మూడు లీటర్లు!

రెండు ముళ్ళూ ఒకేసారి పైకి పోయాయంటే తప్పు ఇంజిన్‌లోనూ లేదు, ట్యాంకులోనూ లేదు. ఆ రెండింటికీ కరెంటు ఇచ్చే చోట ఉంది. డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఒకటుంటుంది. వోల్టేజీ స్టెబిలైజర్. బ్యాటరీ కరెంటుని ఉండుండి ఆపుతూ, వదులుతూ, ముళ్ళకి సగటున 10 వోల్టులే అందేలా చూడ్డం దాని పని. లోపల ఒక చిన్న పట్టీ వేడెక్కి వంగితే కరెంటు ఆగుతుంది, చల్లారితే వస్తుంది. ఆ పట్టీ వేడెక్కాలంటే డబ్బాకి ఎర్త్ ఉండాలి. ఆ ఎర్త్ అంతా ఒకే ఒక్క మర మీద ఆధారపడి ఉంటుంది. దాని కింద తుప్పు చేరితే పట్టీ వేడెక్కదు, వంగదు, కరెంటు ఆగదు. ముళ్ళకి పూర్తి వోల్టేజీ వెళ్ళి రెండూ పైకి లేస్తాయి.

ఆ మర విప్పాను. తలకాయ విరిగొచ్చింది. కింద ఎర్రటి తుప్పు. శుభ్రం చేసి కొత్త మర బిగించాం. మళ్ళీ స్టార్ట్ చేస్తే వేడి ముల్లు నెమ్మదిగా కదిలి, పావుగంటకి సగంలో నిలిచింది. పెట్రోలు ముల్లు అడుగునే ఉంది, నిజం చెబుతూ.

సంతోషించాల్సిన సమయం. కానీ నాకు ఒళ్ళు చల్లబడింది.

చెప్పాలా, వద్దా?

'పెట్రోలుందా అన్నా?' 'ఫుల్లుగా ఉండాది లేమ్మా.'

'మామా, అమ్మమ్మని తీసుకెళ్ళిన రోజు పెట్రోలు ఎంత పోయించావు?' అని అడిగాను.

'ఆ మధ్యాహ్నమే అయిదు లీటర్లు...' అంటూనే ఆగిపోయాడు.

నాకు అర్థమైంది. ఆ రాత్రి ఇంజిన్ కాగలేదు. ముల్లు అబద్ధం చెప్పింది. లైట్లు మసకబారినా, ఇంజిన్ ఆపకుండా పోనిచ్చి ఉంటే, ఎలాగోలా కావలి చేరేదేమో. ఆపాడు కాబట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది. సెల్ఫ్ కొట్టాడు కాబట్టి చోక్ తీగ కాలింది. తీగ కాలింది కాబట్టి అందరూ కిందికి దిగారు. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఆ ముల్లు దగ్గరే మొదలయ్యాయి.

పేపర్లో పనిచేసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. దొరికిన నిజాన్ని చెప్పకుండా ఉండలేం. కానీ ఈ నిజం ఎవరికి పనికొస్తుంది? 28 ఏళ్ళుగా 'నా కారు పాడైంది' అనుకున్న మనిషికి 'కారు బాగానే ఉంది మామా, నువ్వే ఆపేశావు' అని చెప్పాలా? తప్పు కారు మీద నుంచి తీసి మనిషి మీద పెట్టడమే కదా అది! ఎర్త్ పోయిందని మాత్రం చెప్పి ఊరుకుంటే సరిపోదా?

నేను తేల్చుకునేలోపు ఆయనే అన్నాడు. 'అయితే ఇంజిన్ కాగలేదంటావు.'

నేను తలూపాను.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. మెకానిక్ పానాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చివరికి మామయ్య, 'లోకోషెడ్డులో మాకు మొదట నేర్పింది ఒకటే పాపా. బాయిలర్ ముల్లు ఎర్రగీత దాటిందంటే ఆపాల్సిందే. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు. అడుగుతా నిలబడ్డోళ్ళు మిగల్లేదు. ఆ రాత్రి కూడా నేను ముల్లునే నమ్మినా. ముల్లు కూడా అబద్ధం చెప్తదని నాకు ఎవురూ చెప్పలా' అన్నాడు.

ఆవిరి కంటికి కనపడుతుంది. బుస్సుమంటుంది. చెయ్యి పెడితే కాలుతుంది. కరెంటు అలా కాదు. ఆవిరితో బతికిన మనిషికి, కనపడని దాంతో వచ్చిన తంటా అది. ఆయన చేతికి తెలిసిన పద్ధతి ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. ఇవాళ మల్టీమీటరు పట్టుకుని నిలబడ్డ నాకు ఈ తీర్పు సులువు. చీకట్లో, వెనక సీట్లో తల్లి మూలుగుతుంటే, ముల్లు చివరికంటా పోతే నేనైనా ఆపేదాన్నే.

అప్పుడు చూశాను. వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న అమ్మ, చేట పక్కనపెట్టి, షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఎంత విందో తెలీదు. షెడ్డు వైపు ఆమె రావడం నేను చూడ్డం అదే మొదలు.

'ఆ ముల్లు ఏదన్నా... చూపించు' అంది.

మామయ్య వేలితో చూపించాడు. మచ్చ ఉన్న వేలితో. అమ్మ కిటికీలోంచి వంగి చూసింది. ఆ మచ్చనీ చూసిందనుకుంటాను. ఏమీ అనలేదు. కాసేపాగి, 'లైట్లు వెయ్యి, చూస్తా' అంది.

షెడ్డు గోడ మీద రెండు తెల్లటి వెలుగులు పడ్డాయి.

పాత కారుందా మీ ఇంట్లో?

మీ ఇంట్లోనూ తాతగారి అంబాసిడరో, నాన్నగారి పద్మినో షెడ్డులో ఉంటే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ మార్చేముందు ఎర్త్ చూడండి. బల్బుతో కాదు, సెల్ఫ్ కొడుతూ మీటరుతో చూడండి. తీగలేవైనా వేడెక్కుతుంటే వెంటనే ఆపేయండి. ముళ్ళు రెండూ కలిసి లేస్తే మీటర్లకి వెళ్ళే కరెంటుని అనుమానించండి. ఒక్క వేడి ముల్లే లేస్తే మాత్రం నమ్మి తీరాలి. బండి ఆపి, నీళ్ళు, బెల్టు, థర్మోస్టాట్ చూసుకోవాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. సముద్రం పక్కన ఉండేవాళ్ళయితే ఏడాదికోసారి ఎర్త్ మరలన్నీ విప్పి, గీకి, వాజిలీన్ పూసి బిగించండి. గంట పని. ఖర్చు పదిరూపాయలు.

పదిరూపాయల పని!

2025 సంక్రాంతికి కారు రోడ్డెక్కింది. భోగి ముందు రోజు బట్టలు కొనడానికి కావలి బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర మామయ్య, వెనక నేనూ అత్తయ్యా. ముందు సీట్లో అమ్మ. ఎవరూ కూర్చోమనలేదు, ఆమే తలుపు తీసుకుని కూర్చుంది.

అప్పటి చోటు దగ్గరికొచ్చేసరికి ఎవరం మాట్లాడలేదు. అక్కడ గుర్తుపట్టడానికేమీ లేదు. అవే రొయ్యల గుంటలు, అదే గడ్డి. వేడి ముల్లు సగంలో ఉంది. మామయ్య దాని వంక చూడలేదు. రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు.

ముల్లుని అమ్మ చూస్తూ కూర్చుంది. కావలి దాకా.